పాలపళ్ల దేవదూత

తుడిచినకొద్దీ తెల్లబడింది, అదే నా కొంప ముంచింది. మసి పోతే చాలనుకుని పొద్దున్నే బూడిద నీళ్లు కాచి తెచ్చాను, పీచు పెట్టి రుద్దాను, మసి పోయింది, దాంతో పాటు మా తాతల నాటి నుంచి ఆ గోడకు పట్టిన పొగ, దుమ్ము, జనం ఊపిరి అన్నీ పోయాయి, ఇప్పుడు చర్చి గోడంతా ముదురు గోధుమ రంగులో ఉంటే ఈ కిటికీ కింద మాత్రం మనిషి మోకరించేంత మేర తెల్లగా మెరుస్తోంది. ఇక్కడే వెలిగించారు కొవ్వొత్తులు, ఇక్కడే వంగారు, చూసుకోండి దొరా అని వేలు పెట్టి చూపించినట్టుంది. మసి ఉన్నా నయమే, చలిమంట పొగ అని ఏదో ఒకటి చెప్పుకునేవాళ్లం. మా ఆయన హామండ్ వచ్చి చూశాడు. ఈ ఏడు మా చర్చి పెద్దల్లో ఆయనొకడు, ప్రమాణం చేసి జవాబు చెప్పాల్సింది ఆయనే. ఉన్నికి రంగులద్దే మనిషి, నీలి తొట్టెల్లో ముంచి ముంచి మోచేతుల దాకా నీలంగా ఉంటాయి ఆయన చేతులు, ఆ చేతులు రెండూ నడుముకి పెట్టుకుని గోడని చూశాడు, నన్ను చూశాడు, పైన కిటికీని మాత్రం చూడలేదు. "ఏం చేశావే ఇది?" అన్నాడు. కడిగానన్నాను. "కడిగావు," అని వెళ్లిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు. పక్క ఊరు బ్రాక్‌ఫీల్డ్‌లో వాళ్ల చర్చి పెద్దలు రాజు పంపిన విచారణ దొర రాకముందే పొడుగు గెడలు తెచ్చి వాళ్ల కిటికీలు వాళ్లే పగలగొట్టుకున్నారు, దొర వచ్చి మెచ్చుకున్నాడట. మా ఆయన కూడా గెడ తేవడానికే వెళ్లాడేమో. తెస్తే నేనేం చేస్తాను, కాళ్లకి అడ్డం పడతానా, పడి ఏమని ఏడుస్తాను.

బల్ల మీద కూర్చున్నాను, మోకాళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. చేతులు భగ్గున మండుతున్నాయి, బూడిద నీళ్లు చర్మం తినేశాయి. దొర బ్రాక్‌ఫీల్డ్‌లో భోంచేసి బయల్దేరాడని కబురొచ్చింది, మధ్యలో వాగు పొంగి ఉంది కాబట్టి కాస్త ఆలస్యం, ఆ కాస్తే నాకు మిగిలింది. లండన్‌లో పెద్ద రాజు పోయి కుర్ర రాజు వచ్చాక ఆజ్ఞలు మారాయి. పాదిరిగారు మొన్న ఆదివారం చదివి వినిపించారు. కథ చెప్పే బొమ్మ కథ చెప్పే బొమ్మగానే ఉంటే ఉండవచ్చునట, దానికి ఎవరైనా దీపం పెట్టి ఉంటే, మొక్కి ఉంటే, కానుక ఇచ్చి ఉంటే అది విగ్రహమట, దాన్ని పొడి చేయాలట. అంటే గాజుదేం లేదు, చూసేవాళ్లదే తప్పు. ఎవరూ పట్టించుకోని బొమ్మలన్నీ బతుకుతాయి. ఈ కిటికీలో నలుగురు దూతలున్నారు, నలుగురికీ చీలమండల దాకా ఈకలే, నలుగురూ చక్రాల మీదే నిలబడి ఉన్నారు, ముగ్గురి మొహాలు ఊళ్లో ఎవరూ సరిగా చూసి ఉండరు, వాళ్లు ముగ్గురూ క్షేమం. మూడో గడిలో ఉన్న దూత ఒక్కతే ప్రేమకి నోచుకుంది, అందుకని ఆమెకే సుత్తి.

ఎండ స్తంభం దాటింది. కిటికీ రంగులు నేల మీద నుంచి జరిగి జరిగి ఎదుటి బల్లల దాకా వెళ్లాయి, ఎరుపు, నీలం, మధ్యలో జుట్టు రంగు పసుపు. నా కూతురు పెర్నెల్‌కి ఈ రంగులంటే పిచ్చి. పూజ జరుగుతుంటే నా పక్క నుంచి జారిపోయి నేల మీద పడ్డ పసుపు ముక్కలో అరచెయ్యి పెట్టి, గబుక్కున గుప్పిట మూసి, "పట్టుకున్నానమ్మా" అని గుసగుసలాడేది, గుప్పిట తెరిచి చూసుకుని, మళ్లీ పట్టుకునేది. అప్పుడు అక్కడ పాత కిటికీ ఉండేది, సగం గాజు పోయి గోనెపట్టా కట్టి ఉండేది. ఊరి కన్నెపిల్లలంతా చందాలేసుకుని కొత్త కిటికీ పెట్టిస్తామన్నారు, నార్విచ్ నుంచి గాజు పనివాడు క్రిస్పిన్ వచ్చాడు, మా రంగుల కొట్టంలోనే దిగాడు. మా ఆయనకీ అతనికీ రోజూ వాదమే. "నీ నీలం ఉతికితే పోతుందయ్యా, నాది వెయ్యేళ్లయినా పోదు," అనేవాడు క్రిస్పిన్. "నాది కట్టుకుంటే చలి ఆగుతుంది, నీది కట్టుకో చూద్దాం," అనేవాడు మా ఆయన. అప్పట్లో నవ్వేవాడు ఆ మనిషి, నాకు బాగా గుర్తుంది, పళ్లన్నీ కనబడేలా నవ్వేవాడు. క్రిస్పిన్ పని విచిత్రంగా ఉండేది. పెద్ద చెక్కబల్లకి సున్నం కొట్టేవాడు, ఆ తెలుపు మీద నల్లగా బొమ్మ గీసేవాడు, గీత మీద గాజుముక్క పరిచి, కింద నుంచి కనబడే గీత ప్రకారం కుంచెతో దిద్దేవాడు. మొహాలు మాత్రం ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుంటే తప్ప రావు అనేవాడు. పెర్నెల్‌ని కూర్చోబెట్టాడు. అప్పుడే దాని ముందు పళ్లు రెండూ ఊడాయి, నవ్వితే బోసి నోరు, ఆ సిగ్గుకి అది మూతి బిగించుకుని కూర్చుంది. "నవ్వవే దొరసానీ, దేవుడి సన్నిధిలో ఉన్నావు," అంటాడు అతను. ఊఁహూఁ, తల అడ్డంగా ఊపుతుంది గాని పెదవి విప్పదు. అలాగే గీశాడు. ఆకాశంలో దేవుణ్ణి కీర్తించాల్సిన దూత, మూతి బిగించుకుని, నన్నడక్కండి నేను పాడను అన్నట్టు నిలబడింది. గాజు దిద్దడం అయిపోగానే అతను ఆ బల్ల మీద ఇంకో దూతని గీయాలి కదా, మళ్లీ సున్నం కొట్టేశాడు. పెర్నెల్ ఒక్క పరుగున వచ్చింది, ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తూ, "నన్ను చెరిపేశాడమ్మా, నన్ను చెరిపేశాడు." క్రిస్పిన్ దాన్ని ఎత్తుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్లి తడి సున్నం మీద దాని చెయ్యి పెట్టించాడు. "ఎక్కడికీ పోలేదే పిచ్చిదానా, కిందే ఉన్నావు." దాని అరచెయ్యి ముద్ర పడింది, దాని మీదా మళ్లీ సున్నం కొట్టాడు.

ఆ చలికాలమే పోయింది పిల్ల. గొంతు వాచింది, మూడో రోజుకి మాట లేదు. ఎలా పోయిందని ఎవరైనా అడిగితే ఇంతకన్నా చెప్పలేను, చెప్పను. చర్చి పెరట్లో ఉత్తరం వైపు పూడ్చారు, మా బోటివాళ్లకి రాయి పెట్టరు, మట్టి దిగబడ్డాక ఇంకొకరిని అక్కడే పూడుస్తారు, ఇప్పుడు దాని మీద ఎవరున్నారో, అది ఎవరి కింద ఉందో నాకు తెలియదు. అయినా బెంగ పెట్టుకోలేదు నేను, ఎందుకంటే ఏడాదికోసారి పాదిరిగారు పోయినవాళ్ల పేర్లన్నీ పైకి చదివేవారు, హామండ్ కూతురు పెర్నెల్ అని చర్చంతా వినబడేది, ఆ రోజు నేను మంచి గౌను వేసుకుని వచ్చేదాన్ని. పాపాలు కాలి శుభ్రపడే మధ్య చోటు ఒకటుందని, మనం ఇక్కడ మొక్కితే అక్కడ వాళ్లకి చల్లగా ఉంటుందని మా అమ్మ చెప్పింది, ఆమెకి వాళ్లమ్మ చెప్పింది. ఆరేళ్ల పిల్లకి పాపాలేముంటాయి, పొరుగింటి కోడిగుడ్డు ఒకటి దొంగిలించింది, అంతే. ఆ ఒక్క గుడ్డు కోసమే ఇన్నాళ్లూ వెలిగించాను కొవ్వొత్తి. ఇప్పుడు ఆ మధ్య చోటే లేదట. పేర్లు చదవకూడదట, పోయినవాళ్ల కోసం మొక్కకూడదట. మరి నేను పంపిన చల్లదనమంతా ఎక్కడికి పోయింది? రాయి లేదు, పేరు లేదు, చోటు లేదు, మొహం ఒక్కటి మిగిలింది, అది ఆ సీసం గీతల మధ్య ఉంది, నా పిడికిలంత ఉంటుంది.

పళ్ల గొడవ మొదలుపెట్టింది కూడా నేనే. పెర్నెల్ ఊడిన పళ్లు రెండూ గుడ్డలో కట్టి దాచుకున్నాను, ఒకరోజు అవి ఇంట్లో ఉంటే భరించలేకపోయాను, తీసుకొచ్చి కిటికీ కింద చెకుముకి రాళ్ల మధ్య సందులో దోపాను. దాని మొహం కింద దాని పళ్లు, అంతే, అంతకుమించి ఏమీ అనుకోలేదు. సిబ్లీ చూసింది. సిబ్లీ మా పక్కింటావిడ, కడుపు ఖాళీగా ఉండదు, చంకలో ఎప్పుడూ ఒకడుంటాడు. తరవాతి ఆదివారం ఆవిడా ఏదో దోపుతోంది. "ఏంటే అది?" అన్నాను. "మా పెద్దోడి పన్నక్కా, బుడ్డోడికి పళ్లొస్తా జ్వరమొచ్చింది, ఈ తల్లి పళ్ల తల్లి కదా, చూడు, నోరు గట్టిగా మూసుకునుంది, పళ్లనొప్పి పడ్డదానికే తెలుస్తది ఆ బాధ." పళ్ల తల్లి! నాకు నవ్వొచ్చింది, తరవాత అరికాలి మంట నెత్తికెక్కింది. అది నా కూతురే సిబ్లీ, దానికి బోసి నోరంటే సిగ్గు, అంతేనే అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. వాడికి జ్వరం తగ్గింది మరి. ఇక అక్కణ్ణుంచి ఊరు ఊరంతా, ఆపైన బ్రాక్‌ఫీల్డ్ నుంచి కూడా, చంటిపిల్లల తల్లులు వచ్చేవాళ్లు, పన్ను దోపేవాళ్లు, కొవ్వొత్తి పెట్టేవాళ్లు, నేను వచ్చేసరికి నా చోటులో ఎవరో ఒకరు మోకరించి ఉండేవాళ్లు. నా పిల్ల దగ్గరికి వెళ్లడానికి నేను వరసలో నిలబడాలి. కుళ్లుకున్నాను, దేవుడి ముందు ఎందుకు దాచడం, బతికినంత కాలం దాని మొహం చూడనివాళ్లు కూడా దాన్ని తల్లీ అని పిలుస్తుంటే ఒళ్లు మండిపోయింది. వాళ్ల పిల్లలకి తగ్గేది. నా పిల్ల నా పిల్లకి తప్ప అందరికీ ఉపకారం చేసింది.

పొద్దున్నుంచి ఆ పళ్లన్నీ సూదితో తవ్వి తీశాను. నడుముకున్న సంచిలో ఉన్నాయి, గుప్పెడు, కదిలితే చిన్నగా గలగలమంటున్నాయి. వాటిలో నావి ఏవో తెలుసుకుందామని ఒళ్లో పోసుకుని వెలుగులో పెట్టి చూశాను, ఒక్కొక్కటే తిప్పి చూశాను. పాలిచ్చి పెంచిన దాన్ని, ఆ పళ్లు నా చనుమొన కొరికిన పళ్లు, తెలియకపోతుందా అనుకున్నాను. తెలియలేదు. అన్నీ బియ్యపు గింజల్లా ఒక్కలాగే ఉన్నాయి.

అడిగితే ఏమనాలి? నా కూతురి మొహమని చెబితే? అప్పుడది దేవదూత కాదు కదా, విగ్రహం కాదు కదా. ఊఁహూఁ, అంతకన్నా ఘోరం, చచ్చిన పిల్లకి మొక్కుతున్నావా అంటాడు, రెండు తప్పులు ఒకే ముక్క గాజులో దొరుకుతాయి, పిండి చేస్తారు. మొక్కలేదనాలి. పుస్తకం మీద చెయ్యి పెట్టి మొక్కలేదనాలి. ఎదురుగా పెద్ద కమాను మీద కడపటి తీర్పు బొమ్మ ఉండేది, పోయిన నెల సున్నం కొట్టించారు, ముసురు పట్టిన రోజున సున్నం చెమ్మగిల్లి నరకం నోరు మళ్లీ లోపల్నుంచి కనబడుతుంది. ఇవాళ ఎండొచ్చినా నిన్నటి చెమ్మ ఆరలేదు, ఇంకా కనబడుతోంది. ఆ నోట్లోకి వెళ్తున్న వాళ్లలో దొంగప్రమాణం చేసిన మనిషి ఒకడున్నాడు, నాలుకకి కొక్కెం వేసి లాగుతుంటారు, చిన్నప్పుడు వాణ్ణి చూసే నేను అబద్ధమాడటం మానేశాను. మధ్య చోటు తీసేశారు గాని నరకాన్ని మాత్రం ఎవరూ తీసేయలేదు. పెర్నెల్ ఖచ్చితంగా పైనే ఉంటుంది. ప్రమాణం చేస్తే ఇక్కడ దాని మొహం మిగులుతుంది, అక్కడ నేను దాని దగ్గరికి వెళ్లలేను. నిజం చెబితే ఇవాళ పగులుతుంది, ఎప్పటికో ఒకప్పటికి దాని ముందు నిలబడతాను. నేను ముసలిదాన్నై వెళితే అది నన్ను గుర్తుపడుతుందా, అక్కడా నోరు బిగించుకునే ఉంటుందా, పళ్లు వచ్చి ఉంటాయా దానికి.

గుర్రాల చప్పుడు. వెల్‌బోర్న్ దొర లోపలికి వచ్చాడు, బురద బూట్లు, జలుబు, ముక్కు ఎర్రగా ఉంది. రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను, మా మేనమామలా ఉన్నాడు. వెనక నిచ్చెన మోసే ఇద్దరు, సుత్తులు. ఊరి జనం తలుపు దగ్గర గుంపుగా, వాళ్లలో సిబ్లీ. మా ఆయన లేడు. దొర కిటికీలన్నీ చూసుకుంటూ వచ్చాడు, మా కిటికీ కింద ఆగాడు, తెల్లటి మచ్చని చూశాడు. "ఇదేంటి?" అన్నాడు. "ఇక్కడ పళ్లనొప్పికి మొక్కుతారటగా? బ్రాక్‌ఫీల్డ్‌లో చెప్పారు." నా సంచిలో పళ్లు కదిలాయి, నేను కదలకుండానే కదిలినట్టనిపించింది.

"మొక్కితే పోయేదైతే నా నోరిట్టా ఎందుకుంటదయ్యా దొరా?" అంది సిబ్లీ గుంపులోంచి, పెదవులు లాగి పుచ్చిన చిగుళ్లు చూపించింది. జనం నవ్వారు, సుత్తివాళ్లు నవ్వారు, దొర కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వాడు. అప్పుడొచ్చాడు మా ఆయన. చేతిలో గెడ లేదు. రెండు చేతులా సున్నం బొక్కెన, లోపల కుంచె, నీలం చేతులు మణికట్టు దాకా తెల్లగా. "మొదలెట్టామండి," అన్నాడు. "గోడలన్నిటికీ సున్నం కొట్టమని మీ ఆజ్ఞే కదండీ. ముందు గీకాలి, లేకపోతే పట్టదు. ఇవాళ ఇక్కడిదాకా గీకాం." ఆ మనిషి నోట అన్ని మాటలు ఒక్కసారిగా నేను చాలా ఏళ్లుగా వినలేదు. గెడ కోసం వెళ్లాడనుకున్నాను, నా నోట్లో మట్టి పడ. ఆ మాటలు చాలు, ఇక నా జోలికి రారనుకున్నాను. దొర ఆయన చేత పుస్తకం మీద ప్రమాణం చేయించాడు, ఆయన చేశాడు, సున్నం వేళ్ల ముద్రలు అట్ట మీద పడ్డాయి. తరవాత దొర నా వైపు తిరిగాడు. "నువ్వెవరమ్మా? ఆ చేతులేంటి, పచ్చి పుండులా ఉన్నాయి?"

"మా ఆవిడండి," అన్నాడు హామండ్.

"సున్నం తినేసిందండి," అన్నాను.

"నువ్వూ ఇలా రా, చెయ్యి పెట్టు. ఈ బొమ్మ ముందు ఎప్పుడైనా మోకరించావా?" లేదండి. "దీపం పెట్టావా?" లేదండి. ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు మాట, నాలుకకి కొక్కెం పడితే ఎలా ఉంటుందో అనుకున్నాను, ఏమీ లేదు, నోరు ఎండిపోయింది, అంతే. దొర తలెత్తి మూడో గడిని చాలాసేపు చూశాడు. "ఈ దూతకి ఎందుకో అలక," అన్నాడు, తనలో తను. తరవాత నన్నే చూస్తూ, "ఊళ్లో ఎవరో పిల్ల మొహం అని కూడా విన్నాను. ఎవరమ్మా ఈ పిల్ల?" మా ఆయన నీలం చేతులు బొక్కెన పిడిని పట్టుకుని ఉన్నాయి, సిబ్లీ తలగుడ్డ చివర నోట్లో కుక్కుకుంది, ఊరంతా నన్నే చూస్తోంది, ఊరందరికీ తెలుసు. "ఎవరూ కాదండి," అన్నాను. "నీకేమైనా అవుతుందా?" అన్నాడు, మెత్తగానే అన్నాడు. "ఏమీ కాదండి."

ఉండనిచ్చారు. మా ఆయనకి అప్పజెప్పారు, ఇక మీదట ఈ కిటికీ కింద ఎవరు ఆగినా, ఎవరు తలెత్తి పెదవులు కదిపినా, పేరు చెప్పాలని, చెప్పకపోతే మళ్లీ వచ్చి కిటికీతో పాటు చర్చి పెద్దనీ దింపుతారని. నమ్మకానికి సుత్తివాళ్లలో ఒకణ్ణి వదిలి వెళ్లారు, గోడ పని పూర్తయ్యేదాకా వాడు తలుపు దగ్గర కూర్చుని ఉల్లిపాయ కొరుక్కుంటూ చూస్తున్నాడు. సున్నం కలిపాం. మా ఆయన వాడికి వీపు అడ్డం పెట్టి నిలబడ్డాడు, నేను సంచి విప్పి పళ్లన్నీ సందులో పోశాను, నావీ, సిబ్లీవీ, బ్రాక్‌ఫీల్డ్ వాళ్లవీ, ఆయన కుంచె నిండా సున్నం తీసి పైన మెత్తాడు. "కిందే ఉందిలే," అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియదు. ఆయన మొహం తడిసింది, సున్నం చిందిందని తుడుచుకున్నాడు. నేను ఏడవలేదు, ఏమీ కాని దాని కోసం ఏడిస్తే తలుపు దగ్గరవాడికి అనుమానం వస్తుంది.

మచ్చ పోయింది, గోడ అంతా ఒకటే తెలుపు. ఖాళీ బొక్కెన కడగడానికి తీసుకుని బయల్దేరాను, బల్లల మధ్య నడుస్తుంటే ఎండ బాగా వాలి రంగులు ఆ చివరి దాకా సాగి ఉన్నాయి, బొక్కెన పట్టుకున్న చేతి మీద పడ్డాయి, సున్నంతో తెల్లబడ్డ చెయ్యి కదా, ఎప్పుడూ లేనంత స్పష్టంగా పడ్డాయి, ఎరుపు జారిపోయి పసుపు వచ్చింది, దాని జుట్టు రంగు, వేళ్ల మీద ఆగింది. వేళ్లు వాటంతటవే ముడుచుకోబోయాయి. తలుపు దగ్గరవాడు నమలడం ఆపి చూస్తున్నాడు. ఆ వెలుగులోంచి చెయ్యి తీసేసుకున్నాను.